రేటు 2.30 సరే, అది ఎంత మీద?

టెక్సస్‌లో డాలస్‌కి ఉత్తరాన, కొత్తగా ఇళ్లు లేస్తున్న ఒక కమ్యూనిటీ నుంచి ఇంటి పన్ను గురించి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందుకే విషయం వరకు క్లుప్తంగా చెప్తాను.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. ఆయన హెచ్1బి మీద, ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నారు, ఇద్దరి జీతం కలిపితే ఏడాదికి 1,80,000 డాలర్లు. ఇద్దరు పిల్లలు. 2024 మేలో బిల్డర్ దగ్గర 5,60,000 డాలర్లకు కొత్త ఇల్లు కొన్నారు. 15 శాతం డౌన్ పేమెంట్ కట్టారు, అందులో కొంత మామగారు తెనాలి దగ్గర పొలం అమ్మి పంపిన డబ్బు. ఆ ఏరియా కావాలని పట్టుబట్టింది ఆవిడే, అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ కోసం. మొదట్లో మార్ట్‌గేజ్ నెలకు 3,450 డాలర్లు పడేది. 2026 జనవరిలో లోన్ కంపెనీ పంపిన ఎస్క్రో (పన్ను, ఇన్సూరెన్స్ కోసం మన దగ్గర నెలనెలా తీసుకుని పక్కన పెట్టే ఖాతా) లెక్కలో మార్చి నుంచి నెలకు 5,350 కట్టాలని ఉంది. ఆ కాగితం వచ్చిన రోజు నుంచి ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. "నీ స్కూలు పిచ్చికి మా నాన్న పొలం పోయింది" అని ఆయన ఒక్కసారి అన్నారట, ఇక ఆ తర్వాత ఆ ఊసే ఎత్తకుండా రాత్రిళ్లు కూర్చుని ఆ చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు అమ్ముడుపోతున్నాయో చూసుకుంటున్నారట.

బంధువులు తలా ఒకటి అన్నారు. అట్లాంటాలో ఉండే అక్క భర్త "మా రేటు 30, అయినా మీరు కట్టేదాంట్లో సగమే కడతాం, బిల్డర్ మిమ్మల్ని ముంచేశాడు" అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న మరిది "మాకూ 30 శాతమే వదినా, ఏడాదికి అయిదు వేల చిల్లర కడుతున్నాను" అన్నాడు. తెనాలి నుంచి అత్తగారు "నెలకి లక్ష రూపాయల ఇంటి పన్నేంటమ్మా" అని ఫోన్‌లో ఏడ్చారు. వీళ్ల బిల్లు మీద ఉన్న రేటేమో 2.30. ఆవిడ అడిగింది ఇది: "30 కంటే 2.30 తక్కువ కదా, మరి మాకే ఎందుకింత? నిజంగా మోసపోయామా? ఇల్లు అమ్మేయాలా? ఆయన చేత మళ్లీ మాట్లాడించడం ఎలా?"

ఇక నా సమాధానం.

అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన బిల్లు, ఎస్క్రో లెక్క రెండూ చూశాను. ముందుగా ఒక్క మాట. 5,350 అనే అంకె చూసి మీరిద్దరూ ఇక జీవితాంతం ఇంతే అనుకుంటున్నారు. అది నిజం కాదు. ఆ అంకెలో మూడు వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, ఆ లోన్ కంపెనీ వాళ్లు వాటిని విడదీసి చెప్పే కష్టం తీసుకోలేదు.

అసలు, వడ్డీ, ఇన్సూరెన్స్ కలిపి నెలకు 3,250 వరకు వెళ్తోంది, అందులో మార్పు లేదు. మిగిలిందంతా పన్నే. మీరు కొన్న ఏడాది, అంటే 2024 జనవరి 1 నాటికి అక్కడ ఇల్లు లేదు, ఖాళీ స్థలం ఉంది. టెక్సస్‌లో ఏ ఏడాది పన్నయినా ఆ ఏడాది జనవరి 1 నాటికి ఉన్న ఆస్తి విలువ మీదే వేస్తారు. కాబట్టి 2024 బిల్లు లక్ష డాలర్ల స్థలం మీద, అప్పటి రేటు 2.36తో, 2,360 డాలర్లు వచ్చింది. లోన్ కంపెనీ దాన్ని చూసి నెలకు 200 చొప్పున పన్ను కోసం పక్కన పెట్టుకుంటూ పోయింది. 2025 జనవరి 1 నాటికి ఇల్లుంది, మీరు అందులో ఉంటున్నారు. విలువ 5,60,000, రేటు 2.30, బిల్లు 12,880. మీ ఖాతాలో ఉన్నది 2,400. డిసెంబర్‌లో బిల్లు కట్టడానికి తగ్గిన 10,480 లోన్ కంపెనీ తన చేతి నుంచి వేసింది, ఇప్పుడు అది మీ దగ్గర వసూలు చేసుకుంటోంది.

అంటే మార్చి నుంచి మీరు కట్టబోయేదాంట్లో 1,073 డాలర్లు ఈ ఏడాది పన్ను కోసం. 873 డాలర్లు పాత లోటు తీర్చడానికి, అది పన్నెండు నెలలే. ఇంకో 150 దాకా, ఎస్క్రోలో రెండు నెలల పన్ను ఎప్పుడూ అదనంగా ఉండేలా నింపుకోవడానికి, అదీ ఈ ఒక్క ఏడాదికే. ఇందులో మీతో ఉండిపోయేది మొదటిది ఒక్కటే. అది కూడా తగ్గుతుంది, ఎందుకంటే మీకు రావాల్సిన మినహాయింపు మీరు ఇంకా తీసుకోలేదు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

రేటు గురించి మీ ప్రశ్నకు వద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో సగం గొడవ ఆ 30, 2.30 దగ్గరే మొదలైంది. మీ ఆయన కూడా "రేటు 2.36 నుంచి 2.30కి తగ్గింది కదా, బిల్లు అయిదింతలు ఎలా అయింది" అని అడిగారని రాశారు. ఎవరైనా ఇంటి పన్ను రేటు చెప్తే వెంటనే మూడు విషయాలు అడగాలి: ఎన్ని డాలర్లకు ఆ రేటు, ఏ విలువ మీద, ఆ విలువలోంచి ముందు ఏమేం తీసేశారు. ఈ మూడూ తెలియకుండా రెండు రేట్లు పక్కపక్కన పెట్టి ఎవరిది ఎక్కువో తేల్చడం కుదరదు.

టెక్సస్‌లో రేటు ప్రతి 100 డాలర్లకు ఇంత అని రాస్తారు. మీ 2.30 అంటే ప్రతి 100 డాలర్ల విలువకు 2 డాలర్ల 30 సెంట్లు, అంటే 2.30 శాతం. ఇక్కడ విలువ అంటే పూర్తి మార్కెట్ విలువ, నూటికి నూరు పాళ్లూ. మీ బావగారి అట్లాంటా ఉన్న జార్జియాలో రేటు మిల్స్‌లో చెప్తారు. ఒక మిల్ అంటే ప్రతి 1,000 డాలర్లకు ఒక డాలరు. వాళ్ల 30 అంటే వెయ్యికి 30, అంటే 3 శాతం. ఆ 3 శాతమైనా పూర్తి విలువ మీద కాదు, జార్జియాలో మార్కెట్ విలువలో 40 శాతం మీదే పన్ను వేస్తారు. మీ ఇల్లు యథాతథంగా అక్కడ ఉందనుకోండి, 5,60,000లో 40 శాతం అంటే 2,24,000, దాని మీద 30 మిల్స్ అంటే 6,720 డాలర్లు. మార్కెట్ విలువతో చూస్తే 1.2 శాతం. కాబట్టి "మీలో సగం కడతాం" అని ఆయన అన్న మాట నిజమే. "ముంచేశాడు" అన్న మాటే నిజం కాదు.

ఆయన చెప్పనిది ఇంకొకటి ఉంది. జార్జియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను ఉంది, 2025కి 5.19 శాతం. మీ ఇద్దరి 1,80,000లో దంపతులకు ఇచ్చే 24,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 1,56,000 మిగులుతుంది, దాని మీద 8,000 డాలర్ల దాకా జీతంలోంచి కట్ అయిపోతుంది. టెక్సస్‌లో ఆ పన్ను లేదు. జీతంలోంచి ప్రతి నెలా పోయేది కంటికి కనిపించదు కాబట్టి బాధ తెలియదు, ఇంటి బిల్లు మాత్రం ఒకేసారి కాగితం మీద కనిపిస్తుంది, అంతే తేడా. అక్క భర్త మీద కోపం పెట్టుకోమని కాదు. ఆయన మీ మంచికే అన్నారు, కానీ ఆయన లెక్క సగం లెక్క. న్యూజెర్సీలో మీకు చుట్టాలుంటే వాళ్లూ ఏదో ఒకటి అంటారు, అప్పుడు గుర్తుంచుకోండి: అక్కడా రేటు 100 డాలర్లకే చెప్తారు, కానీ చాలా టౌన్‌షిప్‌లలో ఇంటి విలువలు ఏళ్ల కిందట లెక్కగట్టినవి, అందుకే రేటు 3 ఉన్న ఊళ్లో నిజంగా పడే భారం 2 ఉన్న ఊళ్లో కంటే తక్కువ కూడా కావచ్చు.

మరిది 30 శాతం సంగతి అసలు వేరే లోకం. హైదరాబాద్‌లో పన్ను ఇంటి విలువ మీద కాదు, కార్పొరేషన్ లెక్క కట్టిన ఏడాది అద్దె మీద. నివాసాలకు అందులో పై స్లాబు 30 శాతం. ఆ అద్దె కూడా బయట వచ్చే అద్దె కాదు, చదరపు అడుక్కి నెలకు రూపాయి అటూ ఇటూగా కాగితం మీద పెట్టుకున్న రేటు. అందుకే 30 శాతం అని భయపెట్టే అంకె ఉన్నా బిల్లు అయిదు వేల దగ్గర ఆగిపోతుంది. ఇక అత్తగారి తెనాలిలో పద్ధతి ఇంకోలా ఉంది. ఆంధ్రలో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు, నివాస గృహాలకు 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో. అంటే పద్ధతిలో తెనాలి మీ టెక్సస్‌కే దగ్గర, రేటులో మాత్రం చాలా దూరం.

అత్తగారికి అసలు చెప్పాల్సింది ఈ శాతాలు కాదు. ఆవిడ బాధ "ఇల్లు కొన్నాక కూడా ప్రతి నెలా అద్దె కట్టినట్టు ఇదేంటి" అన్నది. మీ బిల్లులో మూడు వరసలున్నాయి చూడండి. స్కూల్ డిస్ట్రిక్ట్ 1.25, కౌంటీ 0.19, మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, నీళ్లు, డ్రైనేజీ చూసే సంస్థ) 0.86. 12,880లో 7,000 డాలర్లు స్కూలుకే వెళ్లాయి, అంటే సగానికి పైనే. మన దగ్గర మున్సిపాలిటీ ఇంటి పన్నుతో టీచర్లకు జీతాలివ్వరు. ఇక్కడ స్కూలు బస్సు దగ్గర నుంచి బిల్డింగ్ కట్టడానికి తెచ్చిన అప్పు దాకా ఈ పన్నే ప్రధాన ఆధారం. 4,816 డాలర్లు మడ్‌కి వెళ్లాయి. మీ అడ్రస్‌లో ఊరి పేరున్నా మీరు సిటీ హద్దుల బయట ఉన్నారు, అందుకే బిల్లులో సిటీ పన్ను లేదు. సిటీ వేయాల్సిన నీళ్ల పైపులు, డ్రైనేజీ, వరద కాలువలు మడ్ అప్పు తెచ్చి వేసింది, ఆ అప్పే మీరు తీరుస్తున్నారు. అత్తగారితో "ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు, నీళ్ల పైపుల ఖర్చు, అన్నీ అందులోనే ఉన్నాయి అత్తయ్యా" అని చెప్పి చూడండి. విజయవాడలో ఇద్దరు పిల్లలను మంచి ప్రైవేటు స్కూల్లో చదివిస్తే ఎంతవుతుందో ఆవిడకు మీకంటే బాగా తెలుసు.

రేటు తగ్గినా బిల్లు ఎందుకు పెరిగిందన్న మీ ఆయన ప్రశ్నకు మీ విషయంలో జవాబు తేలికే, లక్ష మీద పడేది 5,60,000 మీద పడింది. కానీ ముందు ముందు కూడా ఇది వస్తుంది కాబట్టి తెలుసుకోండి. విలువ చెప్పేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, రేటు పెట్టేది స్కూల్ బోర్డు, కౌంటీ కమిషనర్లు, మడ్ బోర్డు. ఎవరి పని వాళ్లది. విలువలు బాగా పెరిగిన ఏడాది రేటు నాలుగు సెంట్లు తగ్గించి "పన్ను తగ్గించాం" అని చెప్పుకోవచ్చు, మీ బిల్లు మాత్రం పెరుగుతుంది. అందుకే టెక్సస్‌లో కౌంటీ లాంటివి చట్ట ప్రకారం ఇంకో రేటు కూడా లెక్కగట్టి ప్రకటించాలి, దాన్ని నో న్యూ రెవెన్యూ రేటు అంటారు. అంటే పోయిన ఏడాది ఉన్న ఆస్తుల మీద పోయిన ఏడాది వచ్చినంత డబ్బే రావాలంటే ఈ ఏడాది రేటు ఎంత ఉండాలి అన్నది. వాళ్లు పెట్టిన రేటు దానికంటే ఎక్కువుంటే, పోయిన ఏడాది రేటు కంటే తగ్గినా సరే, మీ దగ్గర ఎక్కువే తీసుకుంటున్నారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో రేట్లు ఖాయం చేసే ముందు బహిరంగ సమావేశం పెడతారు. మీకు ఓటు లేకపోయినా వెళ్లి మాట్లాడొచ్చు, మన వాళ్లు ఈ పని అస్సలు చేయరు, చేయాలి.

మోసపోయామా అని అడిగారు. మీ క్లోజింగ్ కాగితాల కట్టలో మడ్ గురించి కొనేవాళ్లకు ఇచ్చే నోటీసు ఒకటి ఉండాలి, టెక్సస్‌లో అది ఇవ్వడం తప్పనిసరి. అందులో మడ్ రేటు, వాళ్లకున్న అప్పు ఉంటాయి, కింద మీ ఇద్దరి సంతకాలు ఉంటాయి. అది ఉంటే చట్టం దృష్టిలో మీకు చెప్పినట్టే. కానీ నేను ఒక మాట నిర్మొహమాటంగా చెప్తాను. ఇల్లు ఇంకా కడుతుండగా ఖాళీ స్థలం పన్నుతో నెలవారీ పేమెంట్ చూపించి "మీకు ఇంతే పడుతుంది" అనడం తప్పు. కాగితం మీద తప్పు లేకపోవచ్చు, మనిషి పట్ల తప్పు. రెండో ఏడాది ఇల్లు లెక్కలోకి వస్తుందని అమ్మేవాళ్లకీ, అప్పిచ్చేవాళ్లకీ బాగా తెలుసు. మీకు తెలియదు, ఎందుకంటే మీరు పుట్టి పెరిగిన చోట ఇంటి పన్ను ఎప్పుడూ నెల బడ్జెట్‌ను కదిలించేంత పెద్దది కాదు. ఇందులో మీ స్కూలు పిచ్చి గానీ మీ ఆయన తెలివితక్కువతనం గానీ ఏమీ లేదు.

ఇప్పుడు మీరు వెంటనే చేయాల్సింది. మీకు హోమ్‌స్టెడ్ మినహాయింపు (తాము ఉండే సొంతింటికి ఇచ్చే పన్ను తగ్గింపు) ఎందుకు లేదని చూస్తే, గ్రీన్ కార్డ్ ఉంటేనే ఇస్తారని ఎవరో చెప్పారని రాశారు. కాదు. ఇల్లు మీ పేరు మీద ఉండాలి, అందులో మీరే ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ అడ్రసే ఉండాలి. వీసా మీద ఉన్నంత మాత్రాన అది పోదు. స్కూల్ పన్నుకు ఈ మినహాయింపు 1,40,000 డాలర్లు, 2025 నవంబర్‌లో టెక్సస్ ఓటర్లు లక్ష నుంచి దీన్ని పెంచారు, అది 2025 బిల్లులకే వర్తిస్తుంది. మీ లెక్కలో స్కూల్ పన్ను 5,60,000 మీద కాకుండా 4,20,000 మీద పడుతుంది, 7,000 కాస్తా 5,250 అవుతుంది. మొత్తం బిల్లు 11,130కి దిగుతుంది, అంటే ఏడాదికి 1,750 తక్కువ. గడువు దాటినా రెండేళ్ల వరకు ఆలస్యంగా అప్లై చేసుకునే వీలుంది, కాబట్టి 2025కి కూడా అడగండి, మంజూరైతే ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుంది, అది ఎస్క్రోలో పడితే లోటు కొంత తీరిపోతుంది. అప్లికేషన్ మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ దగ్గరే, ఉచితం. "మేం ఫైల్ చేసి పెడతాం, ఇంత పంపండి" అని ఇంటికి ఉత్తరాలు వస్తుంటాయి, వాటికి డబ్బు కట్టకండి.

దీంతో ఇంకో ఉపయోగం ఉంది. మినహాయింపు మొదలైన మరుసటి ఏడాది నుంచి, పన్ను లెక్కకు తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు. దీన్ని చాలామంది పన్ను 10 శాతం కంటే పెరగదు అని తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆ హద్దు విలువకే, రేటుకు కాదు.

హోమ్‌స్టెడ్ వచ్చాక మీ నిజమైన నెల పేమెంట్ ఎంతో ఇప్పుడు చూడండి. 3,250కి పన్ను 928 కలిపితే దాదాపు 4,180. మీరు అలవాటు పడిన 3,450కీ దీనికీ తేడా 730 డాలర్లు. అది చిన్న మొత్తం కాదు, నాకు తెలుసు, డేకేర్ కడుతూ, ఇంటికి పంపుతూ, నెలకు 730 అంటే గట్టిగా తగులుతుంది. కానీ మీ ఆయన రాత్రిళ్లు చూసుకుంటున్నది 1,900 పెరిగిన పేమెంట్‌తో. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

మిగతా 10,480 లోటును ఎలా తీర్చాలన్నది మీ ఇష్టం. సేవింగ్స్‌లోంచి ఒకేసారి కట్టేస్తే నెల భారం వెంటనే తగ్గుతుంది, కానీ ఇద్దరిలో ఒకరికి లేఆఫ్ వస్తే ఆ డబ్బే మిమ్మల్ని నిలబెట్టాలి, హెచ్1బిలో ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులే అని మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇద్దరి పర్మిట్లూ ఆయన ఉద్యోగం మీదే నిలబడి ఉన్నాయి. అందుకే నేనైతే మొత్తం ఖాళీ చేయమని అనను. సగం కట్టి సగం నెలలకు పంచుకోవచ్చు, లేదా లోన్ కంపెనీకి ఫోన్ చేసి పన్నెండు నెలలకు బదులు ఇరవై నాలుగు నెలలకు పంచమని అడగొచ్చు, కొందరు ఒప్పుకుంటారు. ఒకటి మాత్రం చేయకండి. కోపంలో పాత 3,450 మాత్రమే పంపిస్తే పూర్తిగా కట్టనట్టే రాసుకుంటారు, లేట్ ఫీజులు, క్రెడిట్ దెబ్బతినడం, అదొక కొత్త గొడవ. ఈ ఏడాది ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఐటమైజ్ చేస్తే, అంటే ఖర్చులు విడివిడిగా చూపిస్తే లాభమేమో కూడా మీ సీపీఏ (ట్యాక్స్ అకౌంటెంట్) చేత లెక్క వేయించండి. రాష్ట్ర, స్థానిక పన్నుల మీద ఉన్న 10,000 పరిమితిని 2025 నుంచి 40,000కి పెంచారు, మీ లోను మీద వడ్డీ కూడా ఏడాదికి 30,000 దాకా ఉంటుంది, రెండూ కలిస్తే 2025కి ఉన్న ఫెడరల్ స్టాండర్డ్ డిడక్షన్ 31,500 దాటిపోతుంది.

ఇక ప్రొటెస్ట్, అంటే ఇంటి విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం చెప్పే సంగతి. ఏప్రిల్‌లో కొత్త విలువతో నోటీసు వస్తుంది. మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అప్పటిలోగా ప్రొటెస్ట్ వేయొచ్చు. అక్కడ వాదించాల్సింది విలువ గురించే, పన్ను ఎక్కువైందని చెప్తే వాళ్లు వినరు, రేటు వాళ్ల చేతిలో లేదు. బిల్డర్ అదే ప్లాన్ ఇప్పుడు 5,25,000కి ఇస్తున్నాడని మీరు రాశారు కదా, అదే మీకు గట్టి ఆధారం. ఆ ధర చూపించే కాగితం, వాళ్లిచ్చే ఇన్సెంటివ్‌ల వివరాలు ఇప్పటి నుంచే దాచి ఉంచండి. మరీ ముఖ్యంగా జనవరి 1కి దగ్గరగా అమ్ముడైన ఇళ్ల ధరలు. విలువ 5,25,000కి దిగితే ఏడాదికి 805 డాలర్లు తగ్గుతుంది. వాటా తీసుకుని మీ తరఫున చేసి పెట్టే కంపెనీలు ఉన్నాయి, టైమ్ లేకపోతే వాళ్లకివ్వొచ్చు, కానీ ఇంత సూటి ఆధారం ఉన్నప్పుడు మీరే చేసుకోగలరు.

ఇక అమ్మడం. ఆయన రాత్రిళ్లు చూస్తున్నది ఇదే కాబట్టి లెక్క కూడా ఎదురుగా పెట్టండి. పక్కనే బిల్డర్ కొత్త ఇల్లు 5,25,000కి ఇస్తుంటే మీ ఇల్లు అంతకంటే ఎక్కువకు పోవడం కష్టం. లోను ఇంకా 4,66,000 వరకు ఉంటుంది. కమిషన్లు, క్లోజింగ్ ఖర్చులు 30,000 దాకా వేసుకోండి. చేతికి మిగిలేది 29,000. మీరు పెట్టింది 84,000. అంటే పొలం డబ్బు మీద బాధతో అమ్మితే, ఆ అమ్మకంలోనే ఆ డబ్బు ఎక్కువ భాగం పోతుంది. అద్దెకిచ్చి వేరే చోట ఉందామనుకుంటే హోమ్‌స్టెడ్ పోతుంది, 10 శాతం హద్దు పోతుంది, 12,000 పైన పన్ను మళ్లీ మీ మీదే. అట్లాంటా వెళ్దామన్నా ముందు ఈ నష్టం భరించే వెళ్లాలి. అయినా అమ్మడం ఎప్పుడూ తప్పు అనను. ఉద్యోగం నిజంగా ఊగిసలాడుతుంటే, లేదా 4,180 కట్టాక నెలాఖరుకు క్రెడిట్ కార్డు మీద బతకాల్సి వస్తుంటే, ఇప్పుడు పోయే 55,000 తర్వాత పోయేదానికంటే తక్కువే కావచ్చు. ఆ నిర్ణయం మాత్రం 4,180 చూసి తీసుకోండి, 5,350 చూసి కాదు. మడ్ రేటు కూడా ఇళ్లు పెరిగే కొద్దీ అప్పు ఎక్కువమంది మీద పడి మామూలుగా తగ్గుతూ వస్తుంది, అయితే కొత్త బాండ్లు తెస్తే ఆగిపోవచ్చు, కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

మీ ఆయన గురించి. ఆయన అన్న మాట మీకు గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిన మాటే. కానీ ఉత్తరంలో మీరే రాసిన ఒక వాక్యం చూడండి, ఆ రోజు నుంచి ఆయన వాళ్ల నాన్నకు ఫోన్ చేయడం కూడా తగ్గించేశారని. మీ మీద కోపం కంటే నాన్న ముందు తలెత్తుకోలేకపోతున్నానన్న బాధ ఎక్కువుందని నాకనిపిస్తోంది. అలాంటప్పుడు "నా తప్పేముంది" అని మొదలుపెడితే గొడవవుతుంది, లెక్కల కాగితం మొహాన పెట్టినా గొడవే అవుతుంది. పిల్లలు పడుకున్నాక "ఆ పెరిగిన 1,900లో సగం ఒక్క ఏడాదికేనట, మనకు రావాల్సిన మినహాయింపు ఒకటి ఉండిపోయిందట, ఇద్దరం కూర్చుని చూద్దామా" అని అడగండి. హోమ్‌స్టెడ్ అప్లికేషన్ మీరు నింపండి, లోన్ కంపెనీతో ఆయన మాట్లాడనివ్వండి. చేసే పని ఒకటి చేతిలో ఉంటే మగవాళ్లు కొంత తేలికపడతారు, అందరూ కాదు గానీ మీ ఆయన గురించి మీరు రాసిన తీరు చూస్తే ఆయన అలాంటి మనిషే అనిపించింది. ఆయన మాట్లాడనే మాట్లాడకపోతే మీరు ఆగిపోవద్దు, అప్లికేషన్ వేసేయండి, అది ఎవరి అనుమతితోనో ఆగాల్సిన పని కాదు. పొలం మాట మీకెంత బాధ కలిగించిందో కూడా ఆయనకు చెప్పండి, కానీ అదే రోజు వద్దు, లెక్క ఒక దారికి వచ్చాక వేరేగా చెప్పండి.

మామగారికి ఏం చెప్పాలన్నది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి. నా మాటగా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం మంచిది, పన్ను పెరిగింది, తట్టుకోగలం, ఇల్లు ఉంది, అని. పొలం అమ్మి పంపిన మనిషికి దాపరికం కంటే ఆ మాటే నయం.

మార్చి 1 పేమెంట్ లోపల లోన్ కంపెనీకి ఫోన్ చేయడం మర్చిపోకండి, అది దాటితే కొత్త మొత్తం ఆటోపేలో దానంతటదే పోతుంది. ఏప్రిల్‌లో నోటీసు రాగానే అందులో హోమ్‌స్టెడ్ వరస ఉందో లేదో ముందు చూడండి, విలువ తర్వాత చూడొచ్చు. ఆ వరస లేకపోతే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి అదే రోజు ఫోన్ చేయండి.